చదవకుండా దాటేసిన రెండు వాక్యాలు

ప్రాజెక్టు ముగిశాక అందరూ ఒక గదిలో కూర్చుని ఏది బాగా జరిగింది, ఏది చెడింది అని మాట్లాడుకునే మీటింగులంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు వాటికి నాజూకైన పేర్లు పెట్టారు. గోడ నిండా రంగురంగుల కాగితాలు అంటిస్తున్నారు, చివర్లో కేకు కూడా కోస్తున్నారట. మా రోజుల్లో దాన్ని పోస్ట్‌మార్టం అనేవాళ్ళం. పేరు మొరటుదే గాని అందులో మోసం లేదు. నేను నడిపిన మొదటి పోస్ట్‌మార్టంలో ఒక మంచి మనిషి ఉద్యోగం పోయింది. ఆ మీటింగుని ఎంత చక్కగా నడిపానో అని తర్వాత అందరూ నన్ను మెచ్చుకున్నారు.

అవి తొంభైల చివరి రోజులు. అమీర్‌పేటలో ఒక డాబా ఇంట్లో నడిచే మా కంపెనీ అప్పుడే మాదాపూర్‌లో ఒక కొత్త బిల్డింగులోకి మారింది. చుట్టూ ఇంకా బండరాళ్ళే. మధ్యాహ్నం పూట రాళ్ళు పేలిస్తే మా అద్దాల కిటికీలు అదిరేవి. బయట ఎండలో రాళ్ళు కొట్టేవాళ్ళు పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు. లోపల ఏసీకి వణుకుతూ స్వెట్టర్లు వేసుకుని కూర్చున్న మేమంతా గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళం. ఇంగ్లీషులో పని, 'అండీ'లతో కబుర్లు, ఇదీ మా ఆఫీసు.

ఒక్కాయన మాత్రం నల్లగొండ జిల్లా మనిషి. అక్కడ ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పన్నెండేళ్ళు లెక్కలు చెప్పి, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసి, నలభైకి దగ్గర పడ్డాక మా దగ్గర టెస్టింగ్‌లో చేరారు. మిగతా టీమంతా ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ వాళ్ళు. ఆయన్ని 'మాస్టారు' అని పిలిచేవాళ్ళు. అందులో గౌరవం పావు వంతు, వెటకారం ముప్పావు వంతు. భోజనాల దగ్గర ఆయన మాట తీరుని అనుకరిస్తూ "ఏంది సార్, గిట్లయింది" అని ఎవరో ఒకరు అనడం, మిగతావాళ్ళు పగలబడి నవ్వడం మామూలే. నేనూ నవ్వేదాన్ని. ఆయన కూడా మొహమాటానికి నవ్వేవారు.

ఆయనకి ఏడాది ప్రొబేషన్. అది ముగిసి కన్ఫర్మేషన్ కాగితం చేతికొస్తే బాచుపల్లిలో ఇల్లు కిరాయికి తీసుకుని భార్యనీ కూతురినీ తెచ్చుకోవాలని ఆయన ఆశ. కూతురు ఐదో తరగతి. ఆరో తరగతికి ఇక్కడ స్కూల్లో వేయాలని దరఖాస్తు కూడా తెచ్చిపెట్టుకున్నారు. వెనక్కి వెళ్దామంటే కాలేజీలో ఆయన ఉద్యోగం అప్పటికే వేరొకరికి ఇచ్చేశారు. ఇవన్నీ నాకు ఎలా తెలుసంటే, ఆయన నాతోనే చెప్పుకునేవారు. నేను క్వాలిటీ విభాగం అనే మూలబల్లకి ఏకైక ఉద్యోగిని. ప్రోగ్రాములు రాసేవాళ్ళెవరూ నా బల్ల వైపు వచ్చేవారు కాదు, ఆయన వచ్చేవారు.

అప్పుడు మా చేతిలో ఉన్న పని ఒక విదేశీ బీమా కంపెనీది. వాళ్ళ పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉన్నాయి. రెండు వేల సంవత్సరం వస్తే అవి తికమక పడతాయని వాటిని నాలుగంకెలకి మార్చాలి. ఊళ్ళో సగం కంపెనీలు అదే పని మీద బతుకుతున్న కాలం. డెలివరీకి ఇంకా మూడు వారాలుందనగా ఒకరోజు మాస్టారు ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"మేడం, జర ఒక్క నిమిషం ఉన్నదా?"

కాగితం మీద నాలుగు లైన్ల లెక్క వేసి చూపించారు. వందతో భాగించబడే సంవత్సరం లీపు సంవత్సరం కాదు. కాని నాలుగు వందలతో కూడా భాగించబడితే మళ్ళీ లీపే. మా ప్రోగ్రాము రాసిన కుర్రాళ్ళు సూత్రంలో మొదటి సగం రాసి రెండో సగం వదిలేశారు. కాబట్టి మా ప్రోగ్రాము ప్రకారం రెండు వేల సంవత్సరంలో ఫిబ్రవరి ఇరవై తొమ్మిది అనే రోజే లేదు. ఆ రోజు కట్టాల్సిన ప్రీమియం, ఆ రోజు ముగిసే పాలసీ, అన్నీ గల్లంతు.

"మేనేజర్ సార్‌కు చెప్పిన మేడం. టెస్టు చేయాల్సిన తారీఖులని క్లయింట్ ఇచ్చిన లిస్టుల అది లేదు, వదిలేయి అన్నడు. మెయిల్ పెడదామంటే నా ఇంగ్లీషు సంగతి మీకు ఎరుకే గదా. గట్టిగ రాస్తే ఎదురు తిరిగిండు అంటరు. మెత్తగ రాస్తే ఎవ్వరు సూడరు."

"నేను పెడతాను లెండి మాస్టారూ. క్వాలిటీ తరఫున వెళ్తే వాళ్ళు వినక తప్పదు."

"మీరు పెడ్తే ఇగ నాకు ఫికర్ లేదు మేడం," అని ఆ కాగితం నా బల్ల మీదే పెట్టి వెళ్ళిపోయారు.

ఆ మెయిల్ పెట్టడం మర్చిపోయానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మర్చిపోలేదు. మూడు వాక్యాలు రాశాను కూడా. ఆ ప్రాజెక్టు మేనేజర్ మా తూర్పు గోదావరి మనిషే, మాట తీయగా ఉండేది, కోపం మాత్రం లోపల దాచుకునే రకం. నాకు ఇంక్రిమెంటు ఇవ్వాలా వద్దా అని అడిగితే చెప్పేవాళ్ళలో ఆయనొకడు. డెలివరీ మీద పడి తలమునకలుగా ఉన్న మనిషితో ఇప్పుడు తగవెందుకులే, రేపు పంపుదాం అనుకున్నాను. రేపు కాస్తా ఎల్లుండి అయింది, అలా మూడో వారం వచ్చేసింది. తర్వాత నన్ను రెండు రోజుల శిక్షణకి బేగంపేటలో ఒక హోటల్‌కి పంపారు.

శిక్షణ దేని మీదో చెప్తే నవ్వొస్తుంది. ప్రాజెక్టు ముగిశాక పోస్ట్‌మార్టం మీటింగు ఎలా నడపాలి అన్న దాని మీద. చెన్నై నుంచి వచ్చిన ఒక పెద్దాయన చాలా బాగా చెప్పాడు. 'ఎవరు చేశారు' అని అడగకూడదు, 'ఏం జరిగింది' అని అడగాలి. మాట్లాడటం మొదలుపెట్టకముందే అందరూ తమ మాట చీటీ మీద రాయాలి, లేకపోతే గట్టిగా అరిచేవాడి మాటే అందరి మాట అవుతుంది. చీటీ మీద పేరు ఉండకూడదు. మీటింగు నడిపే మనిషి ఒక్కరే వాటిని పైకి చదవాలి. అక్కడే అందరి ముందూ చించేయాలి. పెద్ద పదవిలో ఉన్నవాడు చివర్లో మాట్లాడాలి, ముందే మాట్లాడితే మిగతావాళ్ళు నోళ్ళు కుట్టేసుకుంటారు. ఇవన్నీ నోటుబుక్కులో గుండ్రంగా రాసుకున్నాను. నిజంగా నమ్మాను. ఇప్పటికీ వాటిలో ఒక్కటి కూడా తప్పు అనను. దేవుడి గదిలాంటి నియమాలవి, లోపలికి వెళ్ళేది మనలాంటివాళ్ళం కావడమే గొడవ.

నేను తిరిగి వచ్చేసరికి డెలివరీ అయిపోయింది. నెల తిరక్కుండానే క్లయింటు నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళు సొంతంగా పరీక్షించుకుంటే ఫిబ్రవరి ఇరవై తొమ్మిది దగ్గర ప్రోగ్రాము బోర్లా పడింది. సరిచేయడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. కాని ఇంత చిన్న విషయం మీ పరీక్షల్లో ఎందుకు దొరకలేదు, కారణం ఏమిటి, ఇక ముందు ఏం చేస్తారు, రాసి పంపండి అన్నారు. ఆ రాత కోసం పోస్ట్‌మార్టం. నడపాల్సింది నేను.

ముందురోజు మాస్టారు కారిడార్‌లో ఎదురయ్యారు. మెయిల్ గురించి అడుగుతారేమో అనుకున్నాను. ఆయన అడగలేదు. "రేపటి మీటింగుల అంతా బయటికొస్తది గదా మేడం," అన్నారు, అంతే. నేను పెట్టలేదన్న సంగతి ఆయనకి అప్పటికే అర్థమైందో, పెట్టాననే అనుకుంటున్నారో నాకు తెలియలేదు. తెలుసుకునే ధైర్యం చేయలేదు. తల ఊపి పక్కనుంచి వెళ్ళిపోయాను.

మీటింగు పొద్దున పదకొండింటికి. పదకొండు మందికి సరిపోయే గుండ్రటి బల్ల. గోడకి చార్టు కాగితం అంటించి నియమాలన్నీ స్కెచ్ పెన్నుతో రాశాను. తెల్ల కాగితాలు తలో ఒకటి పంచాను. అక్కడితో ఆగితే బాగుండేది. చెన్నై పెద్దాయన చెప్పని మాట ఒకటి నా సొంతంగా కలిపాను.

"ఇంగ్లీషులోనే రాయాలని లేదండీ. తెలుగులో రాయాలనుకుంటే తెలుగులోనే రాయండి. మాట్లాడినట్టే రాయండి."

ఎంత విశాల హృదయమో నాది! ఎవరి కోసం ఆ మాట అన్నానో నాకు తెలుసు, పాపం ఆయన ఇబ్బంది పడకూడదని. ఆ గదిలో మిగతావాళ్ళెవరూ ప్రాణం పోయినా ఆఫీసు కాగితం మీద తెలుగు రాయరని మాత్రం నాకు తట్టలేదు. ఇంగ్లీషు రాదనుకుంటారని వాళ్ళ భయం. వచ్చీరాని ఇంగ్లీషులోనైనా రాస్తారు గాని తెలుగులో రాయరు. ఆ మాత్రం ఆలోచించలేని దాన్ని మనుషుల మనసులు విప్పించే మీటింగు నడపడానికి కూర్చున్నాను.

పది నిమిషాల తర్వాత చీటీలు ఒక ఖాళీ ప్రింటర్ పెట్టెలో వేశారు. ఒక్కొక్కటీ తీసి చదవడం మొదలుపెట్టాను. సమయం సరిపోలేదు అని ఒకటి. క్లయింటు లిస్టు స్పష్టంగా లేదు అని ఒకటి. టీమ్ స్పిరిట్ బాగుంది అని మూడు. టెస్టింగ్ ఇంకా లోతుగా జరగాల్సింది అని రెండు, అది ఎవరి వైపు వేలు చూపిస్తోందో చెప్పక్కర్లేదు. ఎనిమిదో తొమ్మిదో చీటీ విప్పాను. బ్లాక్‌బోర్డు మీద రాసినట్టు నిలువుగా, పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు. వెనక నుంచి సిరా కనిపించిందేమో, నేను నోరు తెరవకముందే బల్ల చుట్టూ చిన్నగా నవ్వులు మొదలయ్యాయి.

"మాస్టారి చీటీ," అన్నారెవరో.

"పేర్లు వద్దండీ," అన్నాను. అంటే ఏం లాభం? పేరు రాసి సంతకం పెట్టినా అంత స్పష్టంగా ఉండేది కాదు. చదవక తప్పదు, చదివాను.

"రెండు వేల సంవత్సరంల ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది దినాలు ఉంటయి. మన ప్రోగ్రాముల ఇరవై ఎనిమిదే ఉన్నయి. డెలివరీకి మూడు వారాల ముందే ఈ సంగతి చెప్పిన. సార్ లిస్టుల లేదు, వదిలేయి అన్నడు..."

'ఉన్నయి', 'చెప్పిన' అని నా నోట వినపడేసరికి ఇద్దరు కుర్రాళ్ళు తల దించుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నారు. చీటీలో ఉన్న నిజం ఎవరి చెవికీ ఎక్కలేదు, యాస మాత్రం అందరికీ వినపడింది. నవ్వకండి అని గట్టిగా అనడానికి తల ఎత్తబోతూ తర్వాతి లైను చూశాను.

'క్వాలిటీ మేడంకు గూడ చెప్పిన. మెయిల్ నేనే పెడ్త అన్నరు.'

ఆ రెండు వాక్యాల దగ్గర ఆగిపోయాను. ఎంతసేపో చెప్పలేను, ఊపిరి పీల్చి వదిలేంత సేపు. అందరూ నవ్వు ఆపుకునే పనిలో ఉన్నారు. కాగితం నా చేతిలో ఉంది. చదివేది ఒక్కరే అన్న నియమం నా వెనక గోడ మీద నా చేతిరాతతోనే ఉంది. నేను ఆ రెండు వాక్యాలూ దాటేసి కింది లైను చదివాను.

"ఇప్పుడు తప్పెవరిదని అందరు నన్నే సూస్తున్నరు. గిట్ల సూస్తే రేపటి నుంచి ఎవ్వరు చెప్తరు?"

కాగితం మడిచి పెట్టాను. మాస్టారి వైపు చూడలేదు. చూడకపోయినా ఆయన నన్నే చూస్తున్నారని తెలుస్తోంది.

మిగిలిన చీటీలు చదివాక నియమం ప్రకారం మేనేజర్ చివర్లో మాట్లాడాడు. చివర్లో మాట్లాడటమంటే తీర్పు చెప్పడమే అని శిక్షణలో ఎవరూ అనలేదు. అందరి మాటా తాపీగా విని, ఎక్కడ పట్టు దొరుకుతుందో చూసుకుని, నింపాదిగా మొదలుపెట్టాడు.

"మాస్టారు నాతో అన్నారండీ, కాదనను. కాని నడుచుకుంటూ వెళ్తుంటే నోటిమాటగా అన్నారు. ఇంత ముఖ్యమైంది అయితే రాసి ఇవ్వాలి కదండీ? ఒక్క మెయిల్ ఉంటే నేనే డెలివరీ ఆపేసేవాణ్ణి." తర్వాత నా వైపు తిరిగాడు. "క్వాలిటీకి గానీ రాతపూర్వకంగా ఏమైనా వచ్చిందా అండీ?"

"రాతపూర్వకంగా ఏమీ రాలేదండీ," అన్నాను.

ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆయన నాలుగు లైన్ల లెక్క వేసి ఇచ్చిన కాగితం నా సొరుగులో ఉంది గాని, దాన్ని రాతపూర్వకం అనరు కదా! ఇలాంటి తెలివితేటలు నాకెవరూ నేర్పలేదు, అవసరానికి వాటంతట అవే వచ్చాయి.

మాస్టారు లేచి నిలబడతారేమో అనుకున్నాను. ఈమెకి చెప్పాను, ఈమె పెడతానంది అని అంటారేమో అనుకున్నాను. అంటే నేను ఒప్పుకునేదాన్నేమో, ఏమో, నా గురించి మంచిగా ఊహించుకోవడానికి నాకు హక్కు లేదు. ఆయన బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని అలాగే కూర్చున్నారు. నేను నియమం ప్రకారం చీటీలన్నీ అందరి ముందూ చించేశాను. ఆయన చీటీని మరీ చిన్న ముక్కలుగా చించాను.

ఆ సాయంత్రం రిపోర్టు రాశాను. కారణం అన్న గడి దగ్గర మేనేజర్ పక్కనే కూర్చుని చెప్పాడు, నేను టైపు చేశాను: పరీక్షించిన వ్యక్తి లోపాన్ని గుర్తించినప్పటికీ రాతపూర్వకంగా తెలియజేయలేదు. ఇక ముందు ఏం చేస్తాం అన్న గడిలో, టెస్టింగ్ సిబ్బందికి కమ్యూనికేషన్ శిక్షణ ఇస్తాం అని. క్లయింటుకి తృప్తి కలిగింది. క్వాలిటీ సర్టిఫికెట్ కోసం ఆడిట్‌కి వచ్చినవాళ్ళు ఆ ఫైలు తిరగేసి, మీటింగంటే ఇలా ఉండాలి, ఎవరి పేరూ ఎత్తకుండా ఎంత హుందాగా రాశారు అన్నారు. తర్వాత చేరినవాళ్ళకి నేనే క్లాసులు చెప్పాను. చీటీల పద్ధతి గురించి చెప్పేటప్పుడు నా గొంతు ఒక్కసారి కూడా వణకలేదు. మా ఆఫీసులో ఆ తర్వాత జరిగిన పోస్ట్‌మార్టంలలో ప్రతి చీటీ మీదా టీమ్ స్పిరిట్ బాగుంది అనే ఉండేది, అన్నీ ఇంగ్లీషులో.

మాస్టారికి కన్ఫర్మేషన్ రాలేదు. మా అవసరాలకి మీ నైపుణ్యం సరిపోవడం లేదు అని రెండు లైన్ల కాగితం ఇచ్చారు. నైపుణ్యం! ఆ టీమంతటిలో ఆ సూత్రం రెండో సగం తెలిసిన ఒకే ఒక్క మనిషికి.

వెళ్ళిపోయే రోజు ప్రతి విభాగం నుంచీ సంతకం తీసుకోవాలి. నాలుగు దాటాక ఆ ఫారం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. క్వాలిటీ మాన్యువల్ తిరిగి ఇచ్చినట్టు నేను సంతకం పెట్టాలి. పెట్టాను. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"ఊరికి వెళ్తున్నారా మాస్టారూ?" అని అడిగాను, అడగాల్సింది అదన్నట్టు.

"పోవాలె మేడం. పాప పరేషాన్ అయితున్నది, స్కూలు మార్తలేమా అని. ఏదన్న ట్యూషన్లు సూసుకుంట." ఫారం చేతికి తీసుకున్నారు. "మీరు నా చీటీ చదువుతుంటే సూస్తనే ఉన్న మేడం. ఆ లైన్ కాడికి రాంగనే జర ఆగిన్రు. ఆగిన్రు గదా, చదువుతరు అనుకున్న."

నా కళ్ళు నిండాయి. సిగ్గు లేకుండా అవి ఎప్పుడు పడితే అప్పుడు నిండుతాయి. "తప్పయిపోయింది మాస్టారూ, నన్ను క్షమించండి," అన్నాను.

ఆయన కోప్పడలేదు. తరగతిలో తెలివైన పిల్ల లెక్క తప్పు చేస్తే చూసినట్టు నన్ను చూశారు.

"నాకెందుకు చెప్తరు మేడం? నాకు ఎరుకే గదా. సార్‌కు చెప్పుండ్రి. ఇప్పుడు చెప్పినా అయితది. కాగితం మీద నా సంతకం ఇంక కాలే."

ఫారంలో ఆఖరి గడి చూపించారు. నిజంగానే అది ఖాళీగా ఉంది. ఐదింటికి అక్కౌంట్స్ వాళ్ళ దగ్గర సంతకం పెడితే అంతా ముగుస్తుంది. వెళ్ళి క్యాంటీన్‌లో కూర్చుంటానని, ఐదింటి దాకా అక్కడే ఉంటానని చెప్పి వెళ్ళారు.

లేచాను. సొరుగులోంచి ఆయన లెక్క కాగితం తీసి పట్టుకుని కారిడార్ చివరిదాకా వెళ్ళాను. మేనేజర్ గది తలుపు తెరిచే ఉంది. ఆయన తీరుబడిగా టీ తాగుతున్నాడు. నన్ను చూసి, "రండమ్మా, కూర్చోండి, ఏమిటి విశేషం?" అన్నాడు.

"ఏం లేదండీ," అన్నాను. "రేపు సెలవు కావాలి."